రెండుసార్లు ఎంటర్ కొట్టు

ఇరవై మూడో వరుస మీద కర్సర్ పెట్టి, డిలీట్ మీద వేలు ఆనించి కూర్చున్నాను. ఇంకా నొక్కలేదు. పక్క గదిలో కుట్టు మిషను ఆగింది. ఫోను మోగింది. వదిన ఎత్తింది.

"ఎవురన్నా? ఆత్మకూరా? ఆఁ, చెప్పన్నా."

అవతలి మనిషి గొంతు నాకు వినబడలేదు కానీ ఏమడిగాడో తెలుసు. అందరూ ముందు అడిగేది ఒకటే, అన్న ఉన్నాడా అని.

"ఆయన పనిలో ఉండాడన్నా," అంది వదిన. "నాకు చెప్పు, నాకూ తెల్సు. ఊ అనమని ఆడనే నిలబడిపోయిందా? ఏం కాదు. రెండుసార్లు ఎంటర్ కొట్టు. కొట్టినావా? ఇంగోసారి. ఆఁ... పోతాందా? పోనీ, అదే పోతాది. అయిపోయినాక మిషను ఒకసారి ఆర్పి ఎలిగించు. అంతే."

ఫోను పెట్టేసింది. కుట్టు మిషను మళ్లీ నడిచింది.

మా అన్న పోయి అప్పటికి పది నెలలు.

నేను కుర్చీలోంచి కదల్లేదు. పనిలో ఉన్నాడట. మొగుడు వీధి చివరికి వెళ్లుంటే ఎట్లా చెబుతారో అట్లాగే చెప్పింది. నేనేమో అన్న కంప్యూటరు ముందు, అన్న కుర్చీలో, ఆ ఫోను నంబరును చెరిపేయడానికే కూర్చుని ఉన్నాను. ఇరవై మూడో వరుసలో ఉన్నది అదే.

మొదటి నుంచి చెబుతాను, లేకపోతే అర్థం కాదు. ఒకటి చెప్పబోయి తొమ్మిది చెప్పే అలవాటు నాది. తగ్గించుకుని చెబుతాను.

నేను నంద్యాలలో ఒక డీటీపీ షాపులో టైపు కొడతాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, ఎవరైనా పోతే దినం కార్డులు. ఇంటరు తప్పి ఇంట్లో కూర్చుంటే అన్న తీసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టాడు. నాకంటే ముందు ఆ షాపులో ఏళ్ల తరబడి పనిచేసింది తనే. పెళ్లయ్యాక ఆళ్లగడ్డలో, వదిన వాళ్ల ఊళ్లో ఇల్లు తీసుకుని రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. కంప్యూటరు గురించి నాకు తెలిసిందంతా అన్న తిడుతూ నేర్పిందే.

పాత రోజుల్లో తెలుగు టైపు మిషను మీద పని నేర్చిన వాళ్ల వేళ్లకు ఒక వరుస అలవాటైపోయి ఉంటుంది. ఏ మీటకు ఏ అక్షరమో కళ్లు మూసుకుని కొడతారు. కొత్త కంప్యూటర్లలో ఆ వరుస ఉండదు. యాభై దాటిన వాళ్లు కొత్త వరుస నేర్చుకోలేక షాపులు మూసేస్తుంటే చూడలేక, అన్న ఒక కీబోర్డు తయారు చేశాడు. కీబోర్డు అంటే చేత్తో పట్టుకునేది కాదు, కంప్యూటరు లోపల పెట్టుకునేది. పెట్టుకుంటే పాత వేళ్లతోనే కొత్త తెలుగు పడుతుంది. దాన్ని ఉచితంగా వదిలేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏం రాశాడో చూడొచ్చు, తెలిస్తే మార్చుకోవచ్చు. సంజామల నుంచి నందికొట్కూరు దాకా చిన్న చిన్న షాపుల వాళ్లు పెన్‌డ్రైవులో వేసుకుపోయేవాళ్లు.

అట్లా తీసుకుపోయిన దాన్ని కంప్యూటరులో పెట్టడానికి ఒక స్క్రిప్టు ఉంటుంది. పనుల చీటీ అనుకోండి. ఈ ఫైలు ఇక్కడ పెట్టు, ఆ ఫైలు అక్కడ పెట్టు అని వరుసగా రాసుంటుంది, కంప్యూటరు చదువుకుంటూ చేసుకుపోతుంది. మామూలు స్క్రిప్టులు నోరెత్తవు. అన్న రాసిన దానికి నోరుంది. మొదలుపెట్టగానే తెర మీద "ఏమప్పా, బాగుండావా? బువ్వ తిన్న్యావా?" అని వస్తుంది. తర్వాత "కీబోర్డు పెడతాండా, ఊ అను" అని వచ్చి ఆగిపోతుంది. మనం తెలుగులో ఊ అని కొడితేనే ముందుకు కదులుతుంది.

తంటా అంతా ఇక్కడే. తెలుగు కొట్టడానికే కదా ఈ కీబోర్డు పెట్టుకునేది? పెట్టకముందే తెలుగులో ఊ ఎట్లా కొడతారు? అన్న కంప్యూటరులో తెలుగు ఎప్పుడూ ఉండేది కాబట్టి తనకు ఆ ఆలోచనే రాలేదు. మొదట నందికొట్కూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఏం అబ్బీ, బాయి తవ్వాలంటే ముందు నీళ్లు పొయ్యమంటాంది నీ మిషను!"

అన్న షాపులో కింద కూలబడి నవ్వాడు. దిద్దుతాడనుకున్నాను. దిద్దలేదు. ఒక్క సంగతి మాత్రం లోపల చేర్చాడు. ఏమీ కొట్టకుండా రెండుసార్లు ఎంటర్ నొక్కితే ఊ అన్నట్టే లెక్క.

"అడిగితే ఊరకుండేటోల్లంతా ఒప్పుకునేటోల్లే మే," అన్నాడు. "మీ వదినను సూసేదానికి పోయినప్పుడు ఆమె గూడా రెండుసార్లు ఊరకుండింది."

ఆ రెండు ఎంటర్ల సంగతి తెర మీదే రాయొచ్చు కదన్నా అంటే రాయలేదు. దాని బదులు తన ఫోను నంబరు పెట్టాడు. అర్థం కాకపోతే ఫోన్ కొట్టు అని.

"రాస్తే ఇంగెవురు ఫోన్ చేస్తారు మే?" అని నవ్వాడు.

అందరూ చేసేవాళ్లు. షాపులో ఉన్నా, ఇంట్లో అన్నం ముందున్నా అన్న చెప్పేది ఒకటే మాట, రెండుసార్లు ఎంటర్ కొట్టు. వినీ వినీ వదినకు నోటికొచ్చేసింది. ఎంటర్ ఎట్లా ఉంటుందో కూడా చూడని మనిషి.

ఒకసారి నాతో అన్నాడు, "నీకు మాటలెక్కువ గదా, ఎట్ల పెట్టుకోవాల్నో ఒక కాగితం రాసిపెట్టు. ఎవరికైనా అర్థమయ్యేటట్ల."

"నువ్వు ఫోన్లో చెప్తానే ఉండావ్ గదా, మల్ల కాగితం ఎందుకు?" అన్నాను.

ఎప్పుడూ ఉంటాడనే కదా ఆ మాట.

పోయిన వానాకాలంలో అన్నకు డెంగీ జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. దినం కార్డు నేనే కొట్టాను. ఆ కీబోర్డుతోనే కొట్టాను. తప్పులు లేకుండా చూడు అని ఎవరో వెనక నిలబడి చెబుతుంటే అన్న పేరు మూడుసార్లు చదివాను.

అన్న జ్వరం పడకముందే ఆ కీబోర్డును ఒక పెద్ద జాబితాకు పంపి ఉన్నాడు. ఉచిత సాఫ్ట్‌వేర్లన్నీ ఒకచోట పెట్టే జాబితా అది. దాంట్లో చేరితే ఇక పెన్‌డ్రైవులు అక్కర్లేదు, ఏ ఊళ్లో ఉన్నవాళ్లయినా పేరు కొడితే చాలు, కీబోర్డు దానంతట అది వచ్చి కూర్చుంటుంది. జాబితా చూసేవాళ్లలో ఒకామె పది నెలలు దాటాక, ఇప్పుడు జవాబు రాసింది. ఏ దేశమో తెలియదు. ఉత్తరం షాపు మెయిలుకు వచ్చింది, ఇంగ్లీషులో. ఫోనులో ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ రెండు రోజులు చదివాను.

చాలా మర్యాదగా రాసింది. కీబోర్డు బాగుందట. కానీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మనిషిని ఏమీ అడగకూడదట, పలకరింపులు, ప్రశ్నలు తీసేయాలి. మనిషి సొంత ఫోను నంబరు లోపల ఉండకూడదు. స్క్రిప్టు ఒకచోట అన్న సొంత ఫోల్డరులో ఫైలు కోసం వెతుకుతోంది, అది వేరేవాళ్ల కంప్యూటర్లలో ఎట్లా ఉంటుంది? ఇంకా, ఎట్లా పెట్టుకోవాలో చెప్పే కాగితమే లేదు. ఇవన్నీ దిద్ది సోమవారం లోపు పంపితే కొత్త విడుదలలో చేరుస్తారు. లేకపోతే మళ్లీ రెండేళ్ల తర్వాతే.

అన్నీ న్యాయమే. ఒక్కటైనా అన్యాయం ఉంటే పోట్లాడేదాన్ని. అన్న బతికుంటే తనే, అవును మే, నిజమే కదా, అని దిద్దేవాడు. ఇప్పుడు ఒక్కో వరుస తీస్తుంటే మాత్రం మనిషిని మళ్లీ కొంచెం కొంచెంగా బయటికి పంపిస్తున్నట్టుంది.

ఆ సొంత ఫోల్డరు ఫైలు కోసమే ఆదివారం పొద్దున ఆళ్లగడ్డ వచ్చాను. అది అన్న ఇంటి కంప్యూటరులో తప్ప ఎక్కడా లేదు. వదినతో పూర్తిగా చెప్పలేదు. అన్న పని కొంచెం సర్దాలి వదినా అన్నాను. సర్దుకో మే అని, ముందు తినడానికి ఉగ్గాని పెట్టి, ఆ తర్వాత కంప్యూటరు మీది గుడ్డ తీసింది. దుమ్ము లేదు. రోజూ తుడుస్తుందనుకుంటా.

పలకరింపు తీసేశాను. ఊ అను తీసేశాను. ఇరవై మూడో వరుస దగ్గరే చెయ్యి ఆగింది, అప్పుడే ఆత్మకూరు ఫోన్ వచ్చింది.

లేచి పక్క గదిలోకి వెళ్లాను. వదిన జాకెట్టుకు చేతులు కుడుతోంది. బయట శిల్పాలు చెక్కే షెడ్లలోంచి ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"వదినా, పనిలో ఉండాడని చెప్తాండావా అందరికీ?"

తలెత్తలేదు. "ఏం చెప్పమంటావ్?"

"ఉండేది చెప్పొచ్చు గదా."

"మొదట్లో చెప్తాంటిని. ఒకాయన అయ్యో అని ఏడ్సినాడు. నేనే ఆయన్ను ఓదార్సినా. ఇంగోడు గమ్మున ఫోన్ పెట్టేసినాడు, వాని పని ఆగిపోయింది. పని ఆగిపోతే ఈయన ఊరుకుంటాడా?" దారం కొరికింది. "అందుకే పనిలో ఉండాడంటా. పనిలో ఉండే మనిసే గదా ఆయన."

నేను అక్కడితో ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. మంచి వార్త చెబుతున్నాననుకున్నాను.

"ఇంగ ఈ బాధ నీకు ఉండదులే వదినా. అంతా సరిచేస్తాండా. ఊ అను తీసేసినా, నంబరు గూడా తీసేస్తా. ఇంగ ఒక్క ఫోన్ రాదు."

మిషను ఆగిపోయింది.

"ఒక్కటీ రాదా?"

"రాదు."

"నిన్నెవురు అడిగినారు మే?"

అంత నెమ్మదిగా అడిగింది కాబట్టి నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత గొంతు లేచింది.

"బాధని నేను చెప్పినానా నీకు? ఆ షాపులో ఆయన కుర్సీ నీకే వచ్చింది, ఆయన నేర్పిన పని నీకుంది, ఆయన రాసిందంతా సదివేది గూడా నీకొక్కదానికే వస్తాది. నాకేముంది? రోజుకు రెండు ఫోన్లు. అన్న ఉండాడా అంటారు. వాళ్లు అడిగి, నేను చెప్పేదాకా ఉంటాడు మే ఆయన. ఆ రోంత సేపు ఉంటాడు. దాన్ని గూడా సర్దేస్తావా? పెద్ద సర్దేదొచ్చింది!"

"అట్ల గాదు వదినా, వాళ్లు సోమవారం లోపల..."

"ఎవురు వాళ్లు? ఈయన మొగం సూసినారా వాళ్లు? బువ్వ తిన్న్యావా అని అడిగితే తప్పంటనా?"

"తప్పని గాదు. వందమంది పెట్టుకునేటప్పుడు అడిగితే ఆగిపోతాది..."

"ఆగనీ. అడిగితే నిలబడి జవాబు చెప్పలేనోల్లకు ఎందుకు కీబోర్డు? పో, పోయి ఆ పెట్టె మీద గుడ్డ కప్పు."

నేను వంటింట్లోకి పోయి నీళ్లు తాగాను. నాకూ కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. ఆ కుర్చీలో కూర్చోవడం నాకేదో భోగమైనట్టు మాట్లాడుతుందేంటి అనుకున్నాను. కానీ ఆమె చెప్పిన దాంట్లో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు. అన్న కంప్యూటరు ముందుకు తిరిగి వచ్చి, గుడ్డ కప్పకుండా ఊరికే కూర్చున్నాను. చేతికి పని లేక ఆ సొంత ఫోల్డరు తెరిచాను.

ఏ మీటకు ఏ అక్షరమో రాసిపెట్టే పట్టిక ఒకటి ఉంటుంది, కీబోర్డుకు ప్రాణం అదే. స్క్రిప్టు దాన్ని ముందు అన్న ఫోల్డరులో వెతుకుతుంది, అక్కడ లేకపోతే పక్కనున్న పాత పట్టిక తీసుకుంటుంది. అన్న కంప్యూటరులో ఎప్పుడూ కొత్తదే దొరికేది. మిగతా ఊళ్లవాళ్లకు అన్న ఫోల్డరు ఎక్కడిది? వాళ్లందరికీ పోతున్నది పాతదే. అన్నకు అది తెలియనే తెలియదు. తను దిద్దిన ప్రతి తప్పూ అందరికీ చేరుతోందనుకున్నాడు. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూశాను. పదకొండు చోట్ల తేడా ఉంది. చివరిసారి దిద్దింది జ్వరం మొదలయ్యే ముందు రోజు.

అప్పుడే పక్క గదిలో మళ్లీ ఫోను. ఈసారి నందికొట్కూరు పెద్దాయన. ఆయన గొంతు పెద్దది, గోడ ఇవతలికి కూడా వినిపిస్తుంది.

"ఏమమ్మా, మీ ఆయనకు చెప్పినావా నా బండి ర సంగతి? పాత పద్యాలు కొట్టాల నేను. ఆ ఱ యాడుందో వెతుక్కోలేక చస్తాండా."

"చెప్పినా నాయనా," అంది వదిన. "చేస్తాండాడు. చేస్తాడు."

"ఏడాదైంది చేస్తాడు చేస్తాడని! నేను పోయినాక చేస్తాడా?"

"చేస్తాడు నాయనా," అని మళ్లీ చెప్పి వదిన ఫోను పెట్టేసింది.

నేను తెర వైపు చూశాను. పదకొండు తేడాల్లో నాలుగోది అదే. ఱ. పాత టైపు మిషను మీద ఉండే చోటే పెట్టాడు.

"వదినా," అని పిలిచాను. రాలేదు. "వదినా, ఒక్కసారి రా. ఆయప్ప అడిగింది అన్న చేసేసినాడు."

గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కత్తెర అట్లాగే ఉంది.

"ఏందీ?"

"ఱ. చేసేసినాడు. జ్వరం వచ్చే ముందు రోజు చేసినాడు. ఈడ ఉంది సూడు. కానీ ఇది ఈ పెట్టెలోనే ఉండిపోయింది వదినా. ఒక్కరికీ పోలేదు. ఏడాదిగా అందరికీ పాతదే పోతాంది."

వదిన తెర మీదికి వంగింది. ఆమెకు ఆ అంకెల్లో ఏం కనిపిస్తుంది? అయినా చాలాసేపు చూసింది.

"ఆ పొద్దు సాయంత్రం ఈడనే కూసోనుండె," అంది. "ఒళ్లు నొప్పులంటాంటే లేయ్ అని తిట్టినా. ఒక్క అక్షరం, అయిపోయింది అన్న్యాడు. ఈ అక్షరమేనా?"

"ఇదే అనుకుంటా."

కత్తెర బల్ల మీద పెట్టింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. ముక్కు చీదింది, కొంగుతో తుడుచుకుంది. "నువ్వు పంపితే ఆయప్పకు పోతాదా?" అంది.

"ఆయప్పకూ పోతాది, అందరికీ పోతాది."

"నంబరు తీయకుండా పంపేకి కాదా?"

"తీసుకోరు వదినా."

"రేప్పొద్దున నుంచే ఫోన్లు రావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వస్తాయి. పాత పెన్‌డ్రైవులు ఉండేటోల్లు చేస్తానే ఉంటారు. ఒక నెల, రెండు నెలలు. మెల్లగా తగ్గిపోతాయి."

"తగ్గిపోతాయి," అంది. దినాలు అయిపోయాక ఇంటికి వచ్చే మనుషులు తగ్గిపోయినట్టు. ఆ మాట ఆమె అనలేదు, నాకే అనిపించింది.

తర్వాత కాగితం సంగతి చెప్పాను. ఎట్లా పెట్టుకోవాలో రాయాలి, అన్న నన్ను ఎప్పుడో రాయమన్నాడు, నేను రాయలేదు అని. ఆ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. వదిన ఓదార్చలేదు.

"ఇప్పుడు రాయి. ఏం రాస్తావో సదువు," అంది.

నేను మొదటి ముక్క రాసి చదివాను. కీబోర్డు ప్యాకేజీని దిగుమతి చేసుకుని, అని మొదలుపెట్టాను. ఇంగ్లీషు ఉత్తరం చదివీ చదివీ అట్లాంటి తెలుగే వచ్చింది.

"ఎవురికి మే అది? కలెక్టరుకా?" అంది వదిన. "ముందు నెట్టు ఉందో లేదో సూసుకోమని రాయి. పెన్‌డ్రైవు ఉన్నా కొంత నెట్టులోంచే రావాలని ఈయన చెప్పేటోడు గదా, ఆత్మకూరాయనకు ఎప్పుడూ నెట్టు ఉండదు. లేకుండానే మొదలుపెడతాడు, సగంలో ఆగిపోయిందని నన్ను తిడతాడు."

రాశాను.

"అయిపోయినాక ఆర్పి ఎలిగించమని పెద్ద అక్షరాల్తో రాయి. సంజామలామె ప్రతిసారీ మర్సిపోతాది. కీబోర్డు రాలేదు కీబోర్డు రాలేదు అంటాది. ఆర్పినావామ్మా అంటే, అయ్యో లేదక్కా అంటాది. మూడుసార్లు అయింది."

రాశాను.

"కొత్తగా పెట్టుకునేటప్పుడు పాతది తీయాల్నా అని అడుగుతారు. ఈయన తీయొద్దు, దాని మీదనే కూసుంటాది అనేటోడు. అది రాయి. ఇంగ, మధ్యలో కరెంటు పోతే? అది అందరూ అడుగుతారు. భయపడొద్దు, మల్ల మొదట్నుంచి చేయండి, ఏం చెడిపోదు. భయపడొద్దు అనేది ముందు రాయి. ఆ మాట ఇనేకే సగం మంది ఫోన్ చేస్తారు."

షాపులో కూర్చుని పని చేసే నాకు ఇవేవీ తెలియవు. పది నెలలుగా ఎవరు ఎక్కడ తడబడతారో, ఎక్కడ భయపడతారో ఆ కుట్టు మిషను ముందు కూర్చుని ఆమె నేర్చుకుంది. జొన్న రొట్టెలు తింటూ, మధ్యలో ఇంకో రెండు ఫోన్లు ఎత్తుతూ, మూడింటి దాకా రాశాము. ఆమె చెప్పిన మాటల్ని పుస్తకం తెలుగులోకి మార్చడం మాత్రం నేను చేశాను. తర్వాత ఇంగ్లీషులోకి కూడా వచ్చీరాకుండా మార్చాను.

చివర్లో స్క్రిప్టు మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చూశాను. కంప్యూటరు చదవని వరుసలు కూడా దాంట్లో ఉంటాయి, రాసేవాడు తన గుర్తు కోసం రాసుకునేవి. అన్నవి చాలా ఉన్నాయి. ఒకచోట "చెల్లెలు వచ్చి వాగింది, ఏం చేస్తాంటినో మర్సిపోయినా" అని నా సంగతి. ఇంకోచోట ఆగిపోయాను.

"వదినా, నువ్వు కూడా ఉండావు దీంట్లో."

"నేనా? నేనెందుకుంటా?"

చదివాను. "బువ్వకు పిలుస్తాంది. మూడోసారి. ఇంగ లేయకపోతే అయిపోయినాను. మిగిలింది తిన్న్యాక."

వదిన నవ్వింది. గట్టిగా నవ్వింది, నేను ఉలిక్కిపడ్డాను. నవ్వుతూనే ముఖం రెండు చేతులతో కప్పుకుంది. భుజాలు అట్లా ఎంతసేపు కదిలాయో.

"అది గూడా తీయమన్న్యారా?" అని చేతుల లోపల నుంచే అడిగింది.

"లేదు. ఇవి తీయమని ఎవురూ చెప్పలేదు. ఉంటాయి."

"తిన్న్యాక చేసినాడా మల్ల మిగిలింది?"

కింద చూశాను. "చేసినాడు."

ఇరవై మూడో వరుస అప్పుడు తీశాను. ఆమె పక్కనే ఉంది, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

బస్సుకు బయలుదేరుతుంటే వీధి దాకా వచ్చింది. "పంపే ముందు నాకు ఒక ఫోన్ కొట్టు," అంది. "నేను సరే అన్నాక పంపు." కొడతాను వదినా అన్నాను. మాటిచ్చాను.

మరుసటి రోజు పొద్దున ఎనిమిదికే షాపు తెరిచాను. ఓనరు పది దాటితే గానీ రాడు. మూలనున్న పాత కంప్యూటరులో అంతా తుడిచేసి, కొత్త స్క్రిప్టు నడిపి చూశాను. తెర మీద నాలుగు వరుసలు పరిగెత్తాయి, అయిపోయింది. ఏమీ అడగలేదు. ఎవరివి నువ్వు అని కూడా అడగలేదు. ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. నేను కాసేపు ఇంకేమైనా వస్తుందేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

ఉత్తరం సిద్ధం చేశాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆ నంబరు నా ఫోనులో ఇప్పటికీ అన్న పేరు మీదే ఉంది. నొక్కబోయి ఆగాను. ఫోన్ చేస్తే వదిన వద్దనదు, అది నాకు తెలుసు. పంపు అంటుంది. ఆ మాట ఆమె నోటితో అనాలి, అని ఫోను పెట్టేసి కుట్టు మిషను ముందు ఒంటరిగా కూర్చోవాలి. ఫోను పక్కన పెట్టేసి పంపేశాను.

కంప్యూటర్లు ఆర్పి, షట్టరు దించి, తాళాలు పక్కనున్న టీ అంగడి అక్కకు ఇచ్చాను.

"ఏం మే, ఇప్పుడే గదా తీసింది? యాడికి పోతాండావ్?"

"ఆళ్లగడ్డకు."

"నిన్ననే గదా పోయొచ్చింది?"

"వదినకు ఒక మాట చెప్పాలక్కా."

"దానికి బస్సెక్కి పోవాల్నా? ఫోన్ కొడితే అయిపోతాది."

"ఫోన్లో చెప్పేది కాదక్కా," అన్నాను.

బస్టాండులో ఆళ్లగడ్డ మీదుగా పోయే అహోబిలం బస్సు కదులుతోంది. పరిగెత్తి ఎక్కాను.